పిల్లవాడికి నిలకడ లేకపోవడానికి కారణం నీళ్ళా, సీసమా?

మర్రిగూడ మండలం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకు ఏడేళ్ళు, రెండో తరగతి. ఒకచోట కూర్చోడు, నోట్సు సగం రాసి వదిలేస్తాడు, పక్కవాళ్ళ పెన్సిళ్ళు లాగుతాడు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతి చురుకుగా ఉండే సమస్య) కావచ్చు, ఎవరికైనా చూపించండి అని టీచరు అన్నారు. వాళ్ళది ఫ్లోరైడ్ ఊరు. పైగా ఇంటి ముందు గదిలో మరిది బ్యాటరీల రిపేరు దుకాణం నడుపుతున్నాడు. తోడికోడలికి ఇప్పుడు ఐదో నెల. నగరంలో ఒకచోట బాబు వెంట్రుకలు పరీక్షించి, ఒంట్లో లోహాలు చేరాయని, వాటిని తీసేసే చికిత్సకు నలభై వేలవుతుందని చెప్పారట. "ఇది నీళ్ళ వల్లా, సీసం వల్లా? ఆ చికిత్స చేయించమంటారా?" అని అడిగారు.

నేను నల్లగొండలో పిల్లల డాక్టరును. చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బంది పడుతున్న పిల్లలను చూడటమే ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగం. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలు రాస్తాను.

అమ్మా, ఆ చికిత్స చేయించకండి. బాబుకు చేతి నరం నుంచి తీసిన రక్తంతో సీసం పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆగకుండా బ్యాటరీల పనిని ఇంట్లోంచి బయటికి పంపించండి. బోరు నీళ్ళు తాగడానికే కాదు, వంటకు కూడా వాడకండి. ఇవి ఒక పక్క చేస్తూనే, ఏకాగ్రత కుదరని ఏ పిల్లవాడినైనా ఎలా పరీక్షిస్తామో మీ బాబునూ అలాగే పరీక్షించాలి. నీళ్ళ సంగతి తేలాక చూద్దాం, సీసం సంగతి తేలాక చూద్దాం అని ఈ పనిని వాయిదా వేయకండి.

ఇక వివరాలు. సీసంతో మొదలుపెడతాను, ఎందుకంటే పిల్లల ఏకాగ్రతను, నడవడికను దెబ్బతీస్తుందని అన్నిటికంటే గట్టిగా రుజువైనది అదే.

1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ పట్టణాల్లో చదివే చిన్నపిల్లల ఊడిపోయిన పాలపళ్ళు సేకరించి, వాటిలో సీసం ఎంత ఉందో కొలిచారు. ఏ పిల్లవాడి పంటిలో ఎంత సీసం ఉందో తెలియని టీచర్లను ఆ పిల్లల గురించి అడిగారు. చెప్పిన పని చివరిదాకా చేస్తాడా, చిన్న చప్పుడుకే దృష్టి మళ్ళుతుందా, కుదురుగా ఉంటాడా అన్నవి ప్రశ్నలు. పంటిలో సీసం పెరిగిన కొద్దీ టీచర్ల ఫిర్యాదులూ పెరుగుతూ పోయాయి. ఆ పిల్లలెవరికీ పైకి కనిపించే జబ్బు లేదు. మీ బాబు గురించి టీచరు చెప్పిన మాటలు చదవగానే నాకు ఈ అధ్యయనమే గుర్తొచ్చింది. అయితే టీచరు చెప్పిన లక్షణాలు సీసం వల్లే వచ్చాయని దీనర్థం కాదు. సీసం చేసే నష్టం కూడా అచ్చం ఇలాగే, మామూలు అల్లరిలాగే కనిపిస్తుంది, అందుకే అది కంటికి ఆనదు.

సీసం ఒంట్లోకి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుంటుంది. ఎముకల్లో దాచుకుంటుంది, మెదడులోకీ రానిస్తుంది. ఎదుగుతున్న మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట అది అడ్డుపడుతుంది. తొందరపాటును ఆపుకోవడం, ఒక పనిమీద దృష్టి నిలపడం నుదుటి వెనకనున్న మెదడు భాగం చేసే పనులు. సీసం ధాటికి ఎక్కువగా లోనయ్యే భాగాల్లో అదొకటి. పెద్దవాళ్ళు సీసం మింగితే అందులో దాదాపు పదో వంతే ఒంటికి పడుతుంది. చిన్నపిల్లల్లో అది సగం దాకా ఉండవచ్చు. పైగా నేలమీద ఆడేది వాళ్ళు, చేతులు నోట్లో పెట్టుకునేదీ వాళ్ళే.

రక్తంలో సీసానికి ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దు లేదు. అమెరికాలో 1991లో డెసిలీటరుకు (అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి) 10 మైక్రోగ్రాములు దాటితే ఆందోళన పడాలనేవారు. 2012లో దాన్ని 5కి, 2021లో 3.5కి దించారు. ఇది సురక్షిత హద్దు కాదు, మిగతా పిల్లలకంటే ఈ బిడ్డకు ఎక్కువ సోకిందని గుర్తుపట్టడానికి గీసిన గీత. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి 5 లేదా అంతకంటే ఎక్కువ ఉందని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. అందులో మన దేశపు పిల్లల సంఖ్య 27 కోట్లకు పైనే. సీసం కలిపిన పెట్రోలు 2000లోనే ఆగిపోయింది కదా, ఇంకా ఎక్కడినుంచి వస్తోంది అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. పాత బ్యాటరీలను అడ్డగోలుగా విప్పి కరిగించడం ఇప్పుడు పెద్ద కారణాల్లో ఒకటి. మీ ఇంట్లో జరుగుతున్నదీ ఆ పనే.

నేను చూసిన ఒక కుటుంబం గురించి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. తండ్రి ట్రాక్టరు, ఇన్వర్టరు బ్యాటరీలు బాగుచేసేవాడు. పెద్దబాబు బళ్ళో కుదురుగా ఉండటం లేదని తీసుకొచ్చారు. మాట్లాడుతూ ఉండగా తండ్రి కాలుమీద కాలు వేసుకున్నాడు. ప్యాంటు అడుగు మడతలో బూడిదరంగు పొడి, వేలితో తీస్తే మెత్తగా, జిడ్డుగా ఉంది. బ్యాటరీ ప్లేట్లు విప్పినప్పుడు రాలే సీసపు పొడి అది. ఆ ప్యాంటుతోనే ఇంటికి వెళ్ళి, మంచంమీద కూర్చుని, చిన్నపాపను ఒళ్ళో వేసుకునేవాడు. ఇద్దరు పిల్లలకూ పరీక్ష చేయిస్తే, ఏ ఫిర్యాదూ లేని, అప్పుడే పాకడం దాటి నడక నేర్చిన చిన్నపాప రక్తంలోనే అన్నకంటే ఎక్కువ సీసం ఉంది. ఇది వింత కాదు. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల్లోనే సాధారణంగా ఎక్కువ ఉంటుంది. అందుకే ఇంట్లో ఒక బిడ్డకు అనుమానం వస్తే మిగతా పిల్లలందరికీ పరీక్ష చేయించాలి.

దుకాణం మారాక కూడా పని అయిపోదు. గదిలో, గుమ్మం దగ్గర, వాకిట్లో పేరుకున్న దుమ్ము అలాగే ఉంటుంది. చీపురుతో ఊడిస్తే అది గాల్లోకి లేచి మళ్ళీ గిన్నెలమీద, పరుపులమీద వాలుతుంది. తడిగుడ్డతో తుడవాలి, ఆ నీళ్ళను కూరమొక్కల మొదట్లో పోయకూడదు. మీ మరిది పనిబట్టలు పనిచోటే విప్పి, స్నానం చేసి, వేరే బట్టలతో ఇంట్లోకి రావాలి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. పాత బ్యాటరీలను అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకే చేర్చాలని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. పెరట్లో పొయ్యి పెట్టి సీసం కరిగించడం మాత్రం ఒక్కరోజు కూడా వద్దు. ఇది మీ మరిది జీవనోపాధి, తేలిగ్గా వదులుకోలేడని నాకు తెలుసు. నేను పని మానుకోమనడం లేదు. పిల్లలు తిరగని చోటికి, ఇంటికి దూరంగా మార్చుకోమంటున్నాను. ఆయన కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి.

బ్యాటరీలు లేని ఇళ్ళవాళ్ళు కూడా ఈ సమాధానం చదువుతారు కాబట్టి మిగతా దారులు కూడా చెబుతాను. పాత ఎనామిల్ రంగు పెచ్చులూడుతున్న తలుపులు, కిటికీలు మొదటివి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసినవి గోడలమీద అలాగే ఉన్నాయి. పాలమూరు నుంచి వలసవెళ్ళి పాత ఇళ్ళ రంగులు గీకే పనిచేసే దంపతులు పిల్లలను పనిచోటే ఆడుకోనిస్తారు, దయచేసి అలా చేయకండి. సాగర్, డిండి వైపు వలలకు కట్టే గుండ్ల కోసం ఇంట్లో సీసం కరిగించేవాళ్ళకూ ఇదే మాట. సుర్మా, కొన్ని రకాల సింధూరం, నాగభస్మం లాంటి భస్మాలు కలిసిన మందులు సీసంతో చేసినవే కావచ్చు. ఆముదం దీపానికి పట్టిన ఇంటి కాటుకతో ఆ భయం తక్కువ. పసుపు కొమ్ములు మరీ మెరిసిపోతుంటే కొనకండి, ఆ నిగనిగ కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు పసుపురంగు పూసిన ఉదాహరణలు మన దేశంలోనూ, బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేటప్పుడు స్వచ్ఛమైన తగరమే వాడమని అడగండి, సీసం కలిపిన తగరం చవకని అది వాడేవాళ్ళు ఉంటారు.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లాలో ఈ మాట ఎత్తితే చాలు, ఎవరి ఇంట్లోనో వంగిపోయిన నడుము, దొడ్డికాళ్ళు గుర్తొస్తాయి. కాబట్టి జాగ్రత్తగా చెబుతాను.

ఫ్లోరైడ్ ఎముకలకు, పళ్ళకు ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మెదడు గురించిన ప్రశ్న వేరు. 2024 ఆగస్టులో అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి ఒక నిర్ణయానికొచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటానికి, ఫ్లోరైడ్‌కూ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పవచ్చు అని. తక్కువ మోతాదుల గురించి చెప్పడానికి ఆధారాలు చాలవని కూడా అదే నివేదికలో ఉంది. ఆ 1.5 అనేది మన దేశపు ప్రమాణాల్లో వేరే నీళ్ళు దొరకనప్పుడు మాత్రమే అనుమతించే గరిష్ఠ పరిమితి, అసలు ఉండాల్సింది 1 లోపే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోర్లలో చాలావాటిలో అంతకు ఎన్నో రెట్లు ఉండేదని మీకూ తెలుసు.

కానీ ఇక్కడ చెప్పింది ఐక్యూ గురించి. ఏకాగ్రత, అతి చురుకుదనం విషయంలో ఫలితాలు ఒకేలా లేవు. మెక్సికోలో, కెనడాలో జరిగిన కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, మరికొన్ని చోట్ల కనిపించలేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాలు తరచుగా కరవు ప్రాంతాలే, అక్కడ రక్తహీనత, పోషకాహార లోపం, బడులు సరిగా నడవకపోవడం కూడా ఉంటాయి. వీటన్నిటి నుంచి ఒక్క ఫ్లోరైడ్ వాటాను విడదీయడం తేలిక కాదు. అందుకే, "మీ బాబు కూర్చోకపోవడానికి కారణం ఊరి నీళ్ళే" అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి. "నీళ్ళకూ బుర్రకూ ఏ సంబంధమూ లేదు" అని కొట్టిపారేసినా నమ్మకండి.

చండూరు వైపు నుంచి ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. ముందరి పళ్ళమీద గోధుమరంగు చారలు. ఆ పళ్ళు చూసి బంధువులు, ఊళ్ళో ఆర్‌ఎంపీ, బడిలో టీచరు అందరూ ఫ్లోరైడే అని తేల్చేశారు. ఆ చారలు చెప్పేది ఒక్కటే: చిగురు లోపల ఆ పళ్ళు తయారవుతున్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయిందని. ఆ అబ్బాయి రాత్రి ఎలా నిద్రపోతాడని అడిగితే, గురక పెడతాడు, నోరు తెరుచుకుని పడుకుంటాడు, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతాడు అని వాళ్ళమ్మ చెప్పింది. టాన్సిల్స్, ముక్కు వెనకనున్న గ్రంథులు బాగా వాచి ఉన్నాయి. వాటికి ఆపరేషన్ అయ్యాక నిద్ర కుదిరింది, నిద్ర కుదిరాక పగటి చిరాకు, ఎగుడుదిగుడు ప్రవర్తన చాలావరకు తగ్గాయి. పళ్ళ మరకలు అలాగే ఉన్నాయి.

నీళ్ళ విషయంలో మా ప్రాంతపు ఇళ్ళలో నేను మళ్ళీమళ్ళీ చూసే లోపం ఒకటుంది. తాగడానికి ప్లాంటు క్యానో, భగీరథ నల్లా నీళ్ళో వాడతారు. అన్నానికి, పప్పుకు, టీకి మాత్రం బోరు నీళ్ళు పోస్తారు. "వండితే ఏముంటుందిలే, మరుగుతుంది కదా" అంటారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాళ్ళు ఇంకా పెరుగుతాయి. అన్నం, పప్పు పీల్చుకున్న నీళ్ళన్నీ పిల్లల కడుపులోకే కదా పోయేది. క్యాండిల్ ఫిల్టర్లు కూడా ఫ్లోరైడ్‌ను తీయలేవు, ఆర్ఓ తీస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ 1970లలో రూపొందించింది. మన జిల్లా పేరుతోనే అది నల్లగొండ పద్ధతిగా టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్ళింది. అయినా ఇంట్లో ఉజ్జాయింపుగా పటిక వేసి చేయవద్దంటాను. నీటి గుణాన్ని బట్టి పాళ్ళు మారతాయి, తప్పితే ఫ్లోరైడ్ సరిగా తగ్గదు, అల్యూమినియం మిగులుతుంది. కృష్ణ నీళ్ళు నల్లాలో వస్తున్నప్పుడు ఆ శ్రమ అవసరం లేదు. నల్లా రాని రోజుల్లో ఏ నీళ్ళు పోస్తున్నారో మాత్రం గమనించుకోండి. మీ బోరు నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్షించమని పంచాయతీ ద్వారా అడగండి.

చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుందా అని కొందరు అడుగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కొద్దిమంది పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిన మాట నిజం. పచ్చిపులుసు, చారు మన ఇళ్ళలో రోజూ ఉండేవే, తినండి. దాన్ని మందుగా భావించి బోరు నీళ్ళకు తిరిగి వెళ్ళవద్దు.

పురుగుమందుల గురించి మీరు అడగలేదు, కానీ పత్తి పండించే ఇళ్ళన్నిటికీ ఇది అవసరం. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు గర్భంలో ఉన్నప్పుడు సోకిన పిల్లల్లో తర్వాత ఏకాగ్రత లోపాలు ఎక్కువగా కనిపించాయని న్యూయార్క్‌లోనూ, కాలిఫోర్నియాలోని వ్యవసాయ ప్రాంతంలోనూ ఏళ్ళ తరబడి సాగిన పరిశోధనల్లో తేలింది. మందు కొట్టి వచ్చిన చొక్కాను పిల్లలు పడుకునే చోట దండెంమీద వేయకండి. ఖాళీ మందు డబ్బాలు ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు వాడకండి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను మందు కొట్టే రోజుల్లో చేనుకు పంపకండి.

రంగుల చాక్లెట్లు, కూల్‌డ్రింకుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో చేసిన పరీక్షలో కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థం కలిపిన పానీయం తాగిన పిల్లల్లో అతి చురుకుదనం కొద్దిగా పెరిగింది. ఆ తర్వాత యూరప్‌లో అలాంటి సరుకులమీద హెచ్చరిక ముద్రించాలన్నారు. ప్రభావం చిన్నదే, అందరిలోనూ ఒకేలా లేదు. మానేస్తే నష్టం లేదు, మానేస్తేనే నయమవుతుందని ఆశ కూడా వద్దు.

ఇప్పుడు అసలు మాట. పర్యావరణంలోని విషాలు చేసే నష్టం వేలమంది పిల్లల సగటులో స్పష్టంగా కనబడుతుంది. ఒక్క బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, వీడి నిలకడలేమిలో ఇంత వాటా సీసానిది, ఇంత నీళ్ళది అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేది, కవలల అధ్యయనాల ప్రకారం అందులో జన్యువుల పాత్ర 70 నుంచి 80 శాతం. మీ ఆయన గానీ, మీ తమ్ముడు గానీ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాళ్ళేమో అడిగి చూడండి. చాలా ఇళ్ళలో "అచ్చం వాళ్ళ నాన్నే" అనే మాట అమ్మమ్మల నోటినుంచే వస్తుంది. ఒకరి మీద తప్పు మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. కారణం జన్యువులైనా, ఇంట్లోని సీసం దుమ్మును భరించే శక్తి ఆ బిడ్డకు అదనంగా ఏమీ ఉండదు. అందుకే రెండు పనులూ కలిపి చేయమంటున్నాను.

బాబును చూసేటప్పుడు ముందు ఏం చూడాలంటే: చెవులు వినిపిస్తున్నాయా, చూపు సరిగా ఉందా, నిద్ర ఎన్ని గంటలు (ఈ వయసుకు 9 నుంచి 12 గంటలు కావాలి), గురక ఉందా, ఫోను ఎంతసేపు చూస్తాడు, రక్తం ఎంత ఉంది. చివరిది మన దగ్గర చాలా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇనుము లోపం ఒక్కటే పిల్లలను చిరాకుగా, అశ్రద్ధగా మార్చగలదు. అంతేకాదు, ఇనుము, సీసం పేగుల్లో ఒకే దారిన లోపలికి వెళతాయి. ఇనుము తక్కువైన ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి బళ్ళో ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర, రాగిజావ, గుడ్డు, ఆకుకూరలు మీ బాబు విషయంలో రెండు విధాలా పనికొస్తాయి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కూడా సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది, పొద్దున ఏమీ తినకుండా ఆటలకు పంపకండి.

ఒక పాప విషయం కూడా చెప్పాలి. బళ్ళో "పరధ్యానం, ఎంత పిలిచినా పలకదు" అన్నారు. నా ముందు ఒక కాగితం ముక్క పట్టుకుని, ఊదుతూ ఉండమ్మా అన్నాను. రెండు నిమిషాలు హుషారుగా ఊదింది. హఠాత్తుగా ఊదడం ఆగింది, కళ్ళు ఒకచోట నిలిచిపోయాయి, కనురెప్పలు సన్నగా అదిరాయి. కొన్ని క్షణాల తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది. అది ఒక రకం మూర్ఛ, మందులతో తగ్గేది. ఆ పాపకు ఏడీహెచ్‌డీ లేదు, ఏ విషమూ కారణం కాదు. అందుకే నేరుగా ఒక ముద్ర వేయకుండా, ముందు పిల్లవాడిని తీరిగ్గా చూడాలంటాను.

ఇవన్నీ చూశాక కూడా లక్షణాలు ఇంట్లోనూ బళ్ళోనూ, అంటే కనీసం రెండు చోట్ల, ఆరు నెలలకు పైగా ఉంటే ఏడీహెచ్‌డీ అని ఆలోచిస్తాం. దానికి తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ, బళ్ళో చేసే చిన్నచిన్న మార్పులు, అవసరమైతే మందులు ఉన్నాయి, అవి బాగా పనిచేస్తాయి. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి బాబును చూపించి, జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రానికి) రాయించుకోండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు అక్కడ ఖర్చు ఉండదు.

ఆ నలభై వేల చికిత్సకు వస్తాను. వెంట్రుకల పరీక్షను సీసం తేల్చడానికి నమ్మలేం. షాంపూ, దుమ్ము, నూనె అన్నీ వెంట్రుకకు అంటుతాయి. మందిచ్చి ఆ తర్వాత మూత్రంలో లోహాలు కొలిచే పరీక్ష కూడా అంతే, ఆ మందు ఇస్తే ఎవరికైనా లోహాలు ఎక్కువే కనిపిస్తాయి. లోహాలను పట్టి బయటికి పంపే మందులు నిజంగానే ఉన్నాయి, కానీ అవి రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉన్నప్పుడు ఆసుపత్రి పర్యవేక్షణలో వాడేవి. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లలమీద అమెరికాలో ఒక పెద్ద పరీక్ష జరిగింది, దాని ఫలితాలు 2001లో వచ్చాయి. మందుతో రక్తంలో సీసం తగ్గింది, కానీ తెలివితేటల్లో గానీ ప్రవర్తనలో గానీ మేలేమీ కనబడలేదు. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ళ బాబు ఇలాంటి చికిత్సలోనే రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. మీ బాబును అలాంటి గదిలోకి తీసుకెళ్ళొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

రక్తపరీక్షకు వెళ్ళేముందు బాబు చేతులు సబ్బుతో శుభ్రంగా కడగండి. వేలికొనను గుచ్చి తీస్తే చర్మంమీది దుమ్ము కలిసి ఫలితం తప్పు రావచ్చు, అందుకే నరం నుంచి తీయమనండి. 3.5 లోపు వస్తే, దుకాణం మార్చి, ఇల్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు. అంతకు మించితే ఇనుము, కాల్షియం చూసుకుంటూ, ఇల్లు శుభ్రం చేసి, ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్ళీ పరీక్షించాలి. సీసం ఆగిపోతే రక్తంలోది సుమారు నెలరోజులకు సగమవుతుంది, ఎముకల్లోంచి కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి తర్వాత తగ్గడం నెమ్మదిస్తుంది. 45 దాటితే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

చివరగా, మీరు దారిలో ఒక మాటగా చెప్పి వదిలేసిన విషయం. మీ తోడికోడలికి ఐదో నెల అన్నారు. ఆమె కూడా అదే ఇంట్లో, అదే దుమ్ములో ఉంటోంది. సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది. పైగా కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎముకల్లో పాతగా దాగిన సీసం కూడా కాల్షియంతో పాటు రక్తంలోకి వస్తుంది. మీ బాబు కంటే ముందు ఆమెకే రక్తపరీక్ష చేయించండి. దుకాణం మారి, ఇల్లు తడిగుడ్డతో పూర్తిగా తుడిచేదాకా ఆమెను పుట్టింటికి పంపగలిగితే మంచిది. ఇల్లు తుడిచే పని ఆమెతో చేయించవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు ఇచ్చే కాల్షియం, ఐరన్ మాత్రలు ఆమె మానకుండా వేసుకుంటోందో లేదో ఈ రోజే అడగండి. రెండింటినీ ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి. ఫలితాలు వచ్చాక ఇద్దరివీ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.